కాంటాక్టు లెన్సులు: ఎవరి కన్నుల కేవి తగును?



ఇంద్రియము లన్నింటిలో నయనములే ప్రధానములని పెద్దలు చెప్పుదురు. అయినను చీర కొనుటకు పది దుకాణములు తిరుగు మనము, కంటిలో పెట్టుకొను వస్తువును కొనునప్పు డంతగా విచారింపము. పెండ్లిచూపులనాడు బాలిక కండ్లజోడు తీసి దాచుట మన యిండ్లలో చిరకాలపు వాడుక. ఇప్పు డా జోడునకు బదులుగా కాంటాక్టు లెన్సులు వచ్చినవి. అవి మంచివే. కాని "ఏవి యందముగా నున్నవి?" అని గాక, "నా కంటి కేవి తగును?" అని యడిగి కొనవలెను.

మా బంధువులలో నొక బాలిక తన వివాహమునకై రంగు లెన్సులను కొనుక్కొన్నది. ఏ వైద్యునకును కన్నులు చూపలేదు. పెండ్లినాటి రాత్రి యలసటచే వానిని తీయకయే నిద్రించినది. మూడవనాటికి కన్నెఱ్ఱబారి, వెలుతురు చూడలేక విలవిలలాడినది. నల్లగ్రుడ్డుపై పుండు పడినదని వైద్యులు చెప్పిరి. కన్ను దక్కినది గాని, పుండు మానినచోట పువ్వు నిలిచినది. ఆ కంటిచూపు నేటికిని మసకయే.

ఇట్లేల జరుగును? నల్లగ్రుడ్డును గప్పియున్న స్వచ్ఛమైన పొరకు కార్నియా యని పేరు. దానిలో రక్తనాళములు లేవు. తనకు వలయు ప్రాణవాయువు నది చాలవరకు బయటిగాలి నుండియే, కన్నీటి ద్వారా గ్రహించును. లెన్సు ఆ పొరమీదనే నిలుచును గనుక గాలిని కొంత యడ్డగించును. రెప్పలు మూసి నిద్రించునప్పు డా కొంచెము గాలియు సరిగా నందదు. అప్పుడు సూక్ష్మజీవులు చేరినచో పుండు పడుట సులభము. లెన్సులతో నిద్రించువారి కిట్టి భయము ఆరు రెట్లకు తక్కువగాదు.

1888 లో జూరిక్ నగరమున ఫిక్ అను వైద్యుడు గాజు లెన్సులను వర్ణించెను. అవి పెద్దవి, బరువైనవి. 1961 క్రిస్మసు దినములలో చెకొస్లొవేకియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఓటో విఖ్టెర్లె తన యింటనే, పిల్లల యాటసామగ్రితోను సైకిలు డైనమోతోను యంత్రమును గూర్చి మెత్తని లెన్సులను పోతపోసెను. నేడు లోకమున నెక్కువగా వాడుకలో నున్నవి మెత్తనివే.

మెత్తని లెన్సులు కంటికి త్వరలో నలవాటగును. వీనిలో సిలికోన్ హైడ్రోజెల్ అను రకము గాలిని మిక్కిలిగా పోనిచ్చును. దినసరి లెన్సును రాత్రి తీసి పారవేయవలెను. నెలసరి దానిని ప్రతిరాత్రి శుభ్రపరచి దాచవలెను. దురదలు గలవారికి, పండుగ పబ్బములకు మాత్రమే ధరించువారికి, కడుగుటకు తీరికలేని యిల్లాండ్రకు దినసరివి మేలు. గట్టి లెన్సుల కలవాటు పడుటకు కొన్నాళ్లు పట్టును. కాని చూపు తేటగా నుండును, ఎక్కువకాలము మన్నును.

కార్నియా వంపు అన్ని వైపుల సమముగా లేనివారికి టోరిక్ లెన్సులు కావలెను. నలుబది యేండ్లు దాటి దగ్గరి యక్షరము లానని వారికి మల్టీఫోకల్ లెన్సులు గలవు. కొందఱికి యౌవనమున కార్నియా పలుచబడి శంకువువలె ముందుకు పొడుచుకొని వచ్చును. ఇట్టివారికి గట్టి లెన్సులు గాని, తెల్లగ్రుడ్డుపై నాని నిలుచు స్క్లెరల్ లెన్సులు గాని చూపునిచ్చును. హైదరాబాదున 1987 లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థవంటి పెద్ద యాసుపత్రులలో వీని నమర్చుదురు.

కండ్లజోడు చీటి లెన్సులకు చాలదు. జోడు కంటికి కొంత దూరమున నుండును. లెన్సు కంటినే యంటియుండును. కావున పవరు హెచ్చుగా నున్నచో రెంటికి నంకె మారును. వైద్యుడు కార్నియా వంపును గొలిచి, కన్నీటిని పరీక్షించి, లెన్సు పెట్టి చూచి నిర్ణయింపవలెను. పవరులేని రంగు లెన్సులకును ఇదియే నియమము. కన్ను పొడిబారువారు, పొగలోను దుమ్ములోను పనిచేయువారు ఆ సంగతి వైద్యునితో ముందే చెప్పవలెను.

ఇక వాడుక. చేతులు సబ్బుతో గడిగి, తుడిచి, ఆరిన పిదపనే లెన్సును తాకవలెను. మిరపకాయలు త్రుంచిన చేయి కడిగినను ఘాటు విడువదు, జాగ్రత్త. కుళాయినీరు, నూతినీరు, ఉమ్మి లెన్సునకు తగిలింపరాదు. నీటిలో నుండు అకాంతమీబా యను జీవి కంటిని చేరినచో నయమగుట మిక్కిలి కష్టము. స్నానమునకు ముందే లెన్సులు తీయవలెను. పెట్టెలోని ద్రవమును దినదినము పారబోసి క్రొత్తది పోయవలెను. పెట్టెనే మూడునెలల కొకసారి మార్చవలెను. లెన్సు పెట్టుకొన్న పిదప కాటుక. లెన్సు తీసిన పిదప కాటుక తుడుచుట. అక్కచెల్లెండ్రైనను ఒకరి లెన్సు నొకరు పెట్టుకొనరాదు. కన్నెఱ్ఱబారినను, నొచ్చినను, మసకబారినను వెంటనే తీసి, ఆనాడే వైద్యుని జూడవలెను. ఆ లెన్సును పారవేయక వెంట గొనిపోయినచో పరీక్ష కుపకరించును.

లెన్సులున్న వారికిని కండ్లజోడొకటి యింట నుండవలెను. తల్లులారా! జోడు ధరించుట లోపము గాదు. దానిని దాచుటకై కన్నునే పణముగా నొడ్డ నేల? మీ కుమార్తె లెన్సులు కోరినచో వలదనకుడు. ముందుగా వైద్యునికడకు దోడ్కొనిపొండు.