తుపాను నెలల్లో గుండె దడ: చైనా వైద్యంలో మనకు పనికొచ్చేదెంత?

అక్టోబరు వచ్చిందంటే ఉద్దానం రైతుకు కంటినిండా నిద్ర ఉండదు. మబ్బు కమ్మి ఈదురుగాలి లేస్తే చాలు, పొట్ట మీదున్న వరి ఏమవుతుందోనని బెంగ. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న విరుచుకుపడ్డాయి. తిత్లీ దెబ్బకు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అంత నష్టం చూసినవారికి ఏటా ఆ నెలలో గుండె దడ, అన్నం సహించకపోవడం, ఊరికే విసుగు రావడం వింతేమీ కాదు. ఇలాంటి దిగులుకు చైనా సంప్రదాయ వైద్యం మంచిదని ఈ మధ్య ప్రచారం సాగుతోంది. అందులో నిజమెంత?

ఋతువుకో అవయవం

సుమారు రెండు వేల ఏళ్ల నాటి 'హువాంగ్ దీ నెయ్ జింగ్' చైనా వైద్యానికి మూల గ్రంథం. ఆ సంప్రదాయంలో వసంతానికి కాలేయం, కోపం. శరత్తుకు ఊపిరితిత్తులు, దుఃఖం. శీతాకాలానికి మూత్రపిండాలు, భయం చెబుతారు. వానల్లో వాతం, శరత్తులో పిత్తం ప్రకోపిస్తాయనే మన ఆయుర్వేదం మాట కూడా ఇలాంటిదే. నేటి శరీరశాస్త్రం ఈ లెక్కలను అంగీకరించదు. అయినా కాలాన్నిబట్టి తిండి, నిద్ర, పని మార్చుకోవాలనే సలహా మాత్రం మంచిదే.

ఈ వైద్యం మన దేశానికి కొత్తది కాదు. 1938లో చైనాకు వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో డాక్టర్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. అదే బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు తర్వాత చైనాలో సూది వైద్యం నేర్చుకొని, 1959లో కలకత్తాలో ప్రారంభించారు.

ఖర్చు లేనివి

సూది లేకుండా వేలితో నొక్కే పద్ధతి ఇంట్లోనే చేసుకోవచ్చు. అరచేయి పైకి పెట్టి, మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పు కొలవండి. అక్కడ రెండు నరాల మధ్య బొటనవేలితో రెండు మూడు నిమిషాలు మెల్లగా నొక్కండి. ఇది వికారాన్ని కొంత తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. ఆందోళన విషయంలో అంత గట్టి రుజువు లేదు గానీ, హాని లేదు. నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలడం గుండె దడను తగ్గిస్తుంది. చైనావారు ఒంట్లో బాగోనప్పుడు వేడి గంజి తాగుతారు. మనకు చోడి అంబలి ఉండనే ఉంది. సాయంత్రం తర్వాత టీ మానాలి.

పొడులతో జాగ్రత్త

అసలు ప్రమాదం మూలికల పొడులతోనే. 1990 తర్వాత బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గడానికి చైనా మూలికలు వాడిన వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఒక మూలికకు బదులు అరిస్టలోకియా జాతి మొక్క కలవడమే కారణం. మన వైపు ఈశ్వరి అని పిలిచే తీగ కూడా ఆ జాతిదే.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో ఇంటింటా కిడ్నీ జబ్బు బాధ తెలిసినదే. దానికి కారణం ఇదేనని ఇంతవరకు తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అలాంటి చోట పేరూ ఊరూ లేని పొడి మింగడం కొరివితో తల గోక్కోవడమే. సంతలో అమ్మినా, ఎంత తెలిసినవారు ఇచ్చినా, డాక్టరుకు చూపించనిదే ఏ మందూ నోట పెట్టకండి.

ఎప్పుడు వెళ్లాలి?

రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, పనిలో మనసు నిలవకపోయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఛాతీలో నొప్పి వస్తే నొక్కుళ్లతో కాలయాపన చేయవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బతుకు మీద విరక్తి మాటలు ఇంట్లో ఎవరి నోటనైనా వినిపిస్తే వారిని ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.