మేడ్చల్ అని కొడితే దొరకలేదు

ఇరవై రెండేళ్లు మేడ్చల్ మండల కంట్రిబ్యూటర్‌గా చేశాను. ఉండేది రావల్‌కోల్‌లో. పొద్దున ఆటో ఎక్కి మేడ్చల్ పోవడం, మండలాఫీసు, పోలీస్ స్టేషన్, బస్ డిపో ఒక చుట్టు చుట్టడం, సాయంత్రానికి నాలుగు వార్తలు డెస్కుకు పంపడం. జోన్ పేజీలో రెండొచ్చేవి. ఆ రెండింట్లో ఒకటి ప్రెస్ నోటు చూసి రాసిందే ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం?

అట్లాంటి ఒక వార్తే నన్ను ఊళ్లో పట్టించింది. ఒక నాయకుడి మనిషి తెచ్చిచ్చిన నోటు చూసి, మేడ్చల్ రైళ్ల కోసం ఆయన లోక్‌సభలో గళమెత్తారని రాశాను. డెస్కులో హెడ్డింగు పెట్టేటప్పుడు ‘గళం’ కాస్తా ‘నిలదీత’ అయింది. మర్నాడు పొద్దున హోటల్ దగ్గర, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని అడిగాడు.

“ఏ దినం అడిగిండు తమ్మీ? మంత్రి ఏం జెప్పిండు?”

“సభల అడిగిండంట కాకా.”

“అంటనా?”

ఆ ఒక్క మాటకు చాయ్ చేదైంది. ఇంటికొచ్చి, గ్రూప్స్‌కు చదువుతున్న మా బిడ్డకు సంగతి చెప్పాను. అది ఫోన్లో పార్లమెంటు వెబ్‌సైటు తెరిచి, ప్రశ్నల విభాగంలోకి పోయి, పది నిమిషాల్లో కాగితం తీసింది. అవును, ప్రశ్న ఉంది. కానీ నంబరు పక్కన స్టార్ లేదు.

స్టార్ గుర్తుంటే మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు అట్లాంటివి 20. స్టార్ లేనివి 230 దాకా ఉంటాయి. వాటికి జవాబు రాతలోనే. అడిగినవారు లేవరు, మంత్రీ లేవడు. జవాబు కాగితం సభ ముందు ఉంచుతారు, అంతే. మన ప్రశ్నకు పైన ఐదుగురు సభ్యుల పేర్లున్నాయి, ఒకే విషయం అడిగినవాళ్లందరినీ కలిపేస్తారు కాబట్టి. మా నాయకుడిది మూడో పేరు. కింద జవాబులో చివరి భాగానికి ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ఉంది. నిలదీత మాట అటుంచి, ఆ రోజు ఆ ప్రశ్న మీద ఎవరి గొంతూ పెగల్లేదు. సవరణ వేయమని డెస్కుకు ఫోన్ చేస్తే అవతల నవ్వు వినిపించింది.

అప్పటినుంచి నాకిదొక పిచ్చి పట్టుకుంది. సభల రికార్డు తవ్వడమంటే గూగుల్లో సినిమా పేరు కొట్టినట్టు అనుకుని దిగాను. మొదటి దెబ్బ మా ఊరి చిరునామా దగ్గరే తగిలింది. మేడ్చల్ తాలూకా మొదట హైదరాబాద్ జిల్లాలో ఉండేది. 1978లో రంగారెడ్డి జిల్లా అయింది. 2016 అక్టోబర్ 11 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి. మల్కాజిగిరి లోక్‌సభ స్థానమే 2008 పునర్విభజనలో పుట్టి 2009లో తొలి ఎన్నిక చూసింది. మేడ్చల్ మీదుగా పోయే రోడ్డు పాత లెక్కలో ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. ఊరు గజం కూడా కదల్లేదు, పేర్లే కదిలాయి. పాత కాలం సంగతి కావాలంటే పాత పేరుతోనే అడగాలి. స్పెల్లింగు ఇంకో తలనొప్పి. శామీర్‌పేటను ఇంగ్లీషులో ఒకచోట ఒక ‘ఐ’తో, ఇంకోచోట రెండు ‘ఈ’లతో రాస్తారు. 1969 ఉద్యమం నాటి కాగితాల్లో తెలంగాణ కూడా ‘తెలెంగాణ’గా కనిపిస్తుంది, ‘ఎల్’ తర్వాత ‘ఏ’ బదులు ‘ఈ’ పెట్టి.

పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో లోక్‌సభ చర్చలు 1952 నుంచీ ఉన్నాయి, అంతకు ముందటి బ్రిటిష్ కాలం శాసన మండళ్లవీ ఉన్నాయి. పాతవన్నీ అచ్చు పుస్తకాలను స్కాన్ చేసినవి. మసక అక్షరాన్ని కంప్యూటర్ తప్పుగా చదివితే ఆ మాట మనకు దొరకదు. నల్లగొండ నుంచి గెలిచి తొలి లోక్‌సభకు పోయిన రావి నారాయణరెడ్డి పార్టీ పీడీఎఫ్, పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్. ఆ మూడక్షరాలు కొట్టి చూడండి, అక్కడున్న ప్రతి ఫైలూ పీడీఎఫే!

అందుకే నేను మాటతో కాదు, తేదీతో మొదలుపెడతాను. పొట్టి శ్రీరాములు చనిపోయింది 1952 డిసెంబర్ 15న. ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ లోక్‌సభలో ప్రకటించింది అదే నెల 19న. ఈ రెండో తేదీ తెలిస్తే చాలు, ఆ రోజు పుస్తకం తెరిచి పేజీలు తిప్పడమే. నాకు తేదీలు పాత పేపర్ల కట్టల్లో దొరుకుతాయి. అవి ఇంట్లో అటక మీద ఇంకా ఉన్నాయి, మా ఆవిడ కంటపడకుండా.

తెలుగు సభ్యులు తెలుగులో మాట్లాడినవి తెలుగు లిపితో వెతికితే దొరక్కపోవడం నన్ను చాలా రోజులు తిప్పింది. రాజ్యాంగం 120వ అధికరణ ప్రకారం సభలో హిందీ లేదా ఇంగ్లీషు. ఆ రెండూ సరిగా రానివాళ్లు సభాపతి అనుమతితో మాతృభాషలో మాట్లాడొచ్చు. అట్లాంటి ప్రసంగానికి నక్షత్రం పెట్టి, ఇది తెలుగు ప్రసంగానికి అనువాదమని అడుగున చిన్న అక్షరాల్లో వేసి, పైన ఇంగ్లీషు పాఠం అచ్చేస్తారు. మనవాళ్ల సామెతలు ఇంగ్లీషు బట్టలు కట్టుకుని నిలబడి ఉంటాయి. గుర్తుపట్టడమే కష్టం.

ఇక 2014 ఫిబ్రవరి. 18న లోక్‌సభలో విభజన బిల్లు మీద చర్చ నడుస్తుంటే టీవీ ప్రసారం ఆగిపోయింది. హోటల్లో మేమందరం నల్లటి తెరను చూస్తూ కూర్చున్నాం, ఒకాయన లేచి టీవీని రెండుసార్లు చరిచాడు కూడా. ప్రసారం ఆగినా సభలో రిపోర్టర్లు రాసుకోవడం ఆపలేదు. ఆ రోజు రికార్డు ఇప్పుడు ఎవరైనా చదవొచ్చు. నిండా ‘అంతరాయాలు’ అనే మాటే, మాట్లాడినవారి మాట సగంలో తెగిపోయి ఉంటుంది. సభాపతి తొలగించమన్న మాటల చోట చుక్కలుంటాయి. అక్కడ ఏమున్నదో ఎంత వెతికినా రాదు.

రెండు రోజులకు, 20న, బిల్లు రాజ్యసభలో నెగ్గింది. పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలైంది కూడా ఒక ఫిబ్రవరి 20నే, 1956లో. ఇది కాకతాళీయమే, కానీ తేదీలతో బతికేవాడిని, చెప్పకుండా ఉండలేను. గుంటూరులో ఉండే మా షడ్డకుడు పండక్కొచ్చినప్పుడల్లా, ప్రత్యేక హోదా విభజన చట్టంలోనే ఉందని వాదించేవాడు. ఈసారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. ఒకటి 2014లో వచ్చిన 6వ నంబరు చట్టం. అందులో ఆ మాట లేదు. రెండోది రాజ్యసభ రికార్డు. అందులో ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి, 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా వర్తింపజేస్తామని చెప్పిన ప్రకటన ఉంది. “ఐతే నేనన్నదీ నిజమే కదన్నా” అన్నాడు. సగం నిజం. ఆ తర్వాత నడిచిన గొడవంతా ఆ మిగతా సగం గురించే.

మంత్రులు సభలో చెప్పే మాటల్లో కొన్నింటికి వెనక ఒక లెక్క పుస్తకం ఉంటుంది. ‘పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’ లాంటివి హామీ కిందికొస్తాయి. వాటిని ప్రభుత్వ హామీల కమిటీ రాసిపెట్టుకుంటుంది, లోక్‌సభలో 1953 నుంచీ ఉన్న కమిటీ. మూడు నెలల్లో తీర్చాలి, లేదా గడువు పెంచమని అడుక్కోవాలి. మన ఊరి పనికి సంబంధించి మంత్రి ఆ మాట అని ఉంటే, హామీ తీరిందా లేదా అని కమిటీ నివేదికల్లో చూడొచ్చు. కంట్రిబ్యూటర్‌గా ఉన్నన్నాళ్లూ ఇది నాకు తెలియలేదు. తెలిసుంటే పది మంచి వార్తలొచ్చేవి.

ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల రెండో దశ గురించి తవ్వినప్పుడు ఓ సంచెడు కాగితాలు దొరికాయి. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. రైళ్లు మేడ్చల్ దాకా వచ్చింది 2023 ఏప్రిల్ 8న. మధ్యలో ఎవరు ఎవరి వాటా ఇవ్వలేదన్నారో జవాబులన్నీ తేదీల వారీగా కుట్టి, హోటల్‌కు తీసుకుపోయి పెద్దాయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ఒక్కో కాగితం మీద వేలు పెట్టుకుంటూ చదివాడు. చాయ్ చల్లారిపోయింది.

“ఇంతకుముందుది తియ్ తమ్మీ. ఈ లైను మీటర్ గేజ్ ఉన్నప్పటిది. పెద్ద లైన్ ఎయ్యమని అప్పుడెవరడిగిన్రు?”

మూడు రాత్రులు కూర్చున్నాం నేనూ బిడ్డా. మీటర్ గేజ్ అని కొట్టాం, రంగారెడ్డి అని కొట్టాం, మేడ్చల్ అని కొట్టాం. సికింద్రాబాద్ అని కొడితే లెక్కలేనన్ని, మాది మాత్రం లేదు. నిన్న రాత్రి దానికొకటి తట్టింది. “డాడీ, ఆ కాలంల మేడ్చెల్ అని రాసిన్రేమో.”

ఇవ్వాళ కరెంటు లేదు. రేపు మేడ్చెల్ అని కొట్టి చూడాలి.