మీకు తెలుసా? ఎండీఎఫ్ షీటులో ఎక్కువ రంగు తాగేది అంచే!

ఎండీఎఫ్ షీటుకు రంగు వేశాక ముఖం నున్నగా మెరుస్తుంది, కోసిన అంచు మాత్రం గరుకుగా, వెలిసినట్టు ఉంటుంది. తప్పు రంగుది కాదు. కర్రను పీచుగా నలిపి, జిగురు కలిపి, వేడి మీద అదిమి ఈ షీట్లు చేస్తారు. ఆ ఒత్తిడికి రెండు ముఖాలూ గట్టిపడతాయి, నడిమి భాగం కాస్త గుల్లగా మిగులుతుంది. రంపం పడినచోట అది బయటపడి రంగునంతా పీల్చేస్తుంది.

అందుకే అసలు పని అంచు దగ్గరే. 180 నంబరు ఎమరీ పేపరుతో రుద్ది, చెక్కకు వాడే లప్పం పలచగా పట్టించి, ఆరాక 220 నంబరుతో మళ్లీ రుద్దాలి. వేలికొనతో నిమిరితే పీచు తగలకూడదు. అప్పుడే ప్రైమర్. మొదటి కోటుకు నీళ్ల ప్రైమర్ కంటే ఆయిల్ ప్రైమర్ మేలు. నీరు తగిలితే పీచు ఉబ్బి నిక్కబొడుచుకుంటుంది. కనిపించదు కదా అని వెనకవైపు వదిలేయడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. ఒకవైపే రంగు పడితే, గాలిలో తేమ మారినప్పుడు పలచటి షీటు వంగిపోవచ్చు.

 

రుద్దేటప్పుడు లేచే పొడి మైదాపిండిలా మెత్తగా ఉంటుంది, ఊపిరితిత్తుల దాకా పోతుంది. పైగా చాలా షీట్లలో ఉండేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. మూతికి రుమాలు కట్టుకుంటే చాలదు; ఎన్95 మాస్కు పెట్టుకోండి, కిటికీలు తీసి ఉంచండి.