పైవాళ్లు కుర్చీ జరిపితే మనకు నిద్ర పట్టదెందుకు?

ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే ఏమేం అడుగుతాం? ఈస్ట్ ఫేసింగా, పార్కింగ్ ఎక్కడ, నీళ్లు సరిగా వస్తాయా... ‘పక్కింటి టీవీ వినిపిస్తుందా?’ అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఇరవై ఏళ్లు ఈఎమ్ఐ కట్టే ఇంట్లో కంటినిండా నిద్ర ఉంటుందో లేదో తేల్చేది ఆ ప్రశ్నే!

హైదరాబాద్ మియాపూర్‌లో మేముండే బిల్డింగ్‌కి ఇంకా మూడేళ్లు నిండలేదు. పక్కింట్లో మిక్సీ ఎప్పుడు ఆగిందో, పైన బుడ్డోడు ఎప్పుడు పడుకున్నాడో అన్నీ మాకు తెలుసు. నాన్నది నైట్ డ్యూటీ. పగలే పడుకోవాలి. అందుకే మా ఇంట్లో ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు.

చప్పుళ్లు రెండు రకాలు

మొదటిది గాల్లో వచ్చేది. మాటలు, టీవీ, పాటలు. దీన్ని ఆపేది గోడ బరువు. గోడ బరువు రెట్టింపైతే చప్పుడు సుమారు 5 నుంచి 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇప్పుడు చాలాచోట్ల వాడే ఏఏసీ బ్లాకులు తేలిక. బిల్డింగ్ మీద భారం తగ్గుతుంది, వేడి కూడా లోపలికి తక్కువొస్తుంది. కానీ అంతే మందం ఉన్న కాంక్రీట్ గోడ ఆపినంత చప్పుడు ఇవి ఆపలేవు. పైగా తలుపు కింద సందు, గోడకి అటూ ఇటూ ఎదురెదురుగా పెట్టిన స్విచ్ బోర్డులు... శబ్దానికి అవే దారులు.

రెండోది దెబ్బ వల్ల పుట్టేది. కుర్చీ ఈడ్చడం, రోట్లో దంచడం, పిల్లల పరుగులు. ఇక్కడ స్లాబే డప్పులా మోగుతుంది. కాంక్రీట్ గోడలున్న ఖరీదైన టవర్లలోనూ ఈ బాధ తప్పదు. మనం కింద ఫాల్స్ సీలింగ్ వేయించినా గోడల గుండా దిగుతుంది. ఇక ఆన్‌లైన్‌లో దొరికే ఫోమ్ షీట్లు మన గదిలో ప్రతిధ్వనినే తగ్గిస్తాయి, పక్కింటి గోలని ఆపవు. డబ్బు దండగ.

అంటే మందు వేయాల్సింది చప్పుడు పుట్టేచోటే. అందుకే నేను పైకి వెళ్లా.

“ఆంటీ, మేం కింది ఫ్లాటండీ. నాన్న డ్యూటీ నుంచొచ్చి పగలు పడుకుంటారు. రోట్లో దంచుతుంటే గదంతా అదురుతోందండీ.”

“అయ్యో, కిందికి అంత వినిపిస్తుందా! మాకేం తెలుసమ్మా?”

రోలు కింద మందపాటి రబ్బర్ మ్యాట్, కుర్చీ కాళ్లకి ఫెల్ట్ ముక్కలు. అంతే! బుడ్డోడి పరుగులు ఇంకా వినిపిస్తాయి. కానీ నాన్న ఇప్పుడు మధ్యాహ్నం దాకా లేవట్లేదు.

చట్టం ఏమంటుంది?

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్. డీజేల మీద ఫిర్యాదుకి పనికొస్తుంది కానీ, పైవాళ్ల అడుగుల చప్పుడుకి కాదు. నిర్మాణ నాణ్యతలో లోపాలుంటే, ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు చెబితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా చట్టం చెబుతోంది. కాబట్టి గోడ మందం, వాడే బ్లాకు రకం అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

కొనేముందు...

* సాయంత్రం 7 తర్వాత వెళ్లండి. ఇళ్లన్నీ సందడిగా ఉండేది అప్పుడే.
* పక్క ఫ్లాట్‌లో ఫోన్‌లో పాట పెట్టించి, తలుపులేసి బెడ్‌రూమ్‌లో వినండి.
* పై ఫ్లాట్‌లో ఒకరిని కుర్చీ లాగమనండి.
* బెడ్‌రూమ్ గోడ లిఫ్ట్‌కి ఆనుకుని ఉందేమో చూడండి.

పది నిమిషాల పని. సిగ్గుపడకండి, అడ్వాన్స్ ఇచ్చేది మీరే!