వానలో నడచిన శిల్పి

పారిస్ నగరమున వాన కురియుచున్నది. అలేజియా వీధి తడిసి మెరయుచున్నది. ఒక పెద్దమనిషి ఆ వీధిని దాటుచున్నాడు. గొడుగు లేదు. తొడిగిన కోటునే తలమీదికి లాగుకొని, వానకు ముడుచుకొని, అడుగు ముందుకు వేయుచున్నాడు. చూచువారికి అతడు దారిన పోవు బీదవాడని తోచును. కాని అతడు జగత్ప్రసిద్ధుడైన శిల్పి ఆల్బెర్టో జాకొమెట్టి. 1961లో ఈ దృశ్యమును నలుపు తెలుపు ఛాయాచిత్రముగా నిలిపినవాడు ఫ్రాన్సు దేశీయుడైన హెన్రీ కార్టియర్ బ్రెస్సన్. 1948లో గాంధీమహాత్ముని అంత్యయాత్రను చిత్రములలో భద్రపరచినవాడును ఇతడే.

జాకొమెట్టి 1901లో స్విట్జర్లాండులో జన్మించి, పారిస్‌లో స్థిరపడి, 1966లో మరణించెను. అతని కంచు విగ్రహములు పుల్లలవలె సన్నగా, పొడవుగా నుండును. 1960లో అతడు రూపొందించిన ‘నడచు మనుష్యుడు’ అను విగ్రహము రమారమి ఆరడుగుల ఎత్తు కలది. అందు ఒక ఒంటరివాడు ముందునకు వంగి పెద్ద అడుగు వేయుచుండును. ఆ విగ్రహమును ఎరిగినవారికి వీధి చిత్రమును చూడగనే ఆశ్చర్యము కలుగును. శిల్పి తన శిల్పమువలెనే నడచుచున్నాడు!

ఇట్టి చిత్రము యాదృచ్ఛికముగా లభించునది కాదు. బ్రెస్సన్ యౌవనమున ఆంద్రే లోత్ అను చిత్రకారుని యొద్ద చిత్రలేఖనము నభ్యసించెను. గీతలు, ఆకారములు, వాని నడుమ నుండు ఖాళీలు ఎట్లు పొందుపడవలెనో అచ్చట నేర్చుకొనెను. అతడు లైకా అను చిన్న కెమేరాను వాడెడివాడు. జనుల దృష్టి దానిపై పడకుండుటకై మెరయు లోహభాగములను నల్లని పట్టీతో కప్పెడివాడు. ఎవరినైనను నిలువుమని కోరిన యెడల వారు బిగిసికొందురు. సహజమైన నడక మాయమగును. కావున వీధి చిత్రకారుడు ముందుగా స్థలమును, వెలుతురును గమనించి, మనిషి తగిన చోటికి వచ్చువరకు ఓపికతో వేచియుండవలెను. పాదములు ఎడమైన క్షణమున మీట నొక్కినచో నడక కనబడును; రెప్పపాటు ఆలస్యమైనచో మనిషి నిలిచియున్నట్లు తోచును. నలుపు తెలుపు చిత్రమున రంగులు చేయు సాయము లేదు. వెలుగు నీడలే సమస్తమును తెలుపవలెను.

చిత్రము తీసిన పిదప మరియొక పని కలదు. అది అంచుల కత్తిరింపు. లైకా నెగెటివు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు కలది. చీకటిగదిలో దానిగుండ కాంతిని ప్రసరింపజేసి, కాగితముపై పెద్దదిగా పడునట్లు చేయుదురు. అప్పుడు అనవసరమని తోచిన అంచులను విడిచి, మిగిలిన భాగమును మాత్రమే అచ్చు తీయవచ్చును. ఇప్పుడు చేతిఫోనులో వ్రేలి కదలికతోనే ఈ పని జరుగుచున్నది.

పైని చిత్రమునే కత్తిరించినట్లు ఊహింపుడు. ముఖమును మాత్రమే నిలిపినచో వీధి పోవును. కోటు కప్పుకొనుటకు కారణము తెలియదు. మోకాళ్లకు దిగువభాగమును తీసివేసినచో నడక పోవును. శిల్పమును స్మరింపజేయు పోలికయు పోవును. చుట్టునున్న ఖాళీని కోసివేసినచో ఏకాంతము పోవును. ఏది తొలగించినను దానితోపాటు కొంత అర్థమును తొలగిపోవును. ఈ సంగతిని పరీక్షించుటకు కోణాకారముగా కత్తిరించిన రెండు అట్టముక్కలు చాలును. వానిని ఏదేని చిత్రముపై నుంచి దగ్గరకును దూరమునకును జరుపుచు చూచినచో, ఏ అంచువద్ద చిత్రము భావమును కోల్పోవునో కన్నులకే తెలియును.

బ్రెస్సన్‌కు కత్తిరింపు ఇష్టము లేదు. కూర్పు యావత్తు మీట నొక్కుటకు ముందే పూర్తి కావలెనని అతని నియమము. నెగెటివు యావత్తును అచ్చు తీసితినని తెలుపుటకు చుట్టును సన్నని నల్లని గీత యుండునట్లు చేయించెడివాడు. అయినను ఆ నియమమునకు మినహాయింపు లేకపోలేదు. 1932లో సెయింట్ లజార్ రైలునిలయము వెనుక నీటిమడుగును దుముకుచున్న మనిషిని అతడు పలకల కంచె సందునుండి చిత్రించెను. పలక అడ్డువచ్చిన ఎడమభాగమును తరువాత తొలగింపవలసి వచ్చినది. అచ్చట కత్తిరింపు అడ్డును తొలగించెనే గాని, జరిగినదానిని మార్చలేదు.

యుక్తాయుక్తములను తెలుపు గీత ఇదియే. క్రిందపడినవానిని లేవనెత్తుటకు ఒకడు చేయి చాచెననుకొనుడు. పడినవానిని చిత్రమునుండి కత్తిరించినచో, చేయి చాచినవాడు కొట్టబోవుచున్నట్లు కనబడవచ్చును. ఒక్క అంచు తొలగినంతనే ఉపకారి అపరాధి యగును. అందునను, తెలియకుండ చిత్రింపబడినవాడు తన పక్షమున మాట్లాడుటకు అచ్చట లేడు. అతని మర్యాద చిత్రకారుని చేతిలో నున్నది.

వానలో తడిసిన జాకొమెట్టి ఆ చిత్రమున నవ్వులపాలు కాలేదు. కోటు మాటున కూడ అతని ధైర్యము, ఏకాగ్రత కానవచ్చుచున్నవి. ఏ చిత్రపు అంచునైనను కత్తిరింపబోవువారు మొదట వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటియే: తొలగునది అడ్డా, సత్యమా?