పాట మధ్యలో ఆ చిటుకు ఎక్కడిది?

మంచి మైకు, కొత్త లాప్‌టాప్, చప్పుడు లేని గది. అన్నీ ఉన్నా, రికార్డయిన పాట వింటే చరణం మధ్యలో ఎక్కడో చిటుక్కుమంటుంది. ఇంట్లో పాటలు రికార్డ్ చేసుకునేవాళ్లు ముందు మైకును అనుమానిస్తారు, తర్వాత వైరు మారుస్తారు. చాలాసార్లు లోపం ఆ రెండింటిలోనూ ఉండదు, పరికరాలను కంప్యూటర్‌తో కలిపి నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది.

ఆడియో ఇంటర్‌ఫేస్ మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని సాధారణంగా సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి, ఆ అంకెలను (శాంపిళ్లను) యూఎస్‌బీ వైరు ద్వారా పంపుతుంది. కంప్యూటర్ వాటిని ఒక్కొక్కటిగా తీసుకోదు. బఫర్ అనే తాత్కాలిక నిల్వలో కొన్ని పోగయ్యాక ఒక్కసారిగా అందుకుంటుంది. 48,000 వేగంలో బఫర్‌ను 64 శాంపిళ్లకు పెడితే దానికి దొరికే గడువు 1.3 మిల్లీసెకన్లు, 512కు పెడితే 10.7. ఆ గడువులో పని కాకపోతే అక్కడ ధ్వని తెగిపోతుంది. మన చెవికి చిటుకులా వినిపించేది ఆ తెగిన చోటే.

బఫర్ పెంచేస్తే పోలేదా? మిక్సింగ్ చేసేటప్పుడు నిశ్చింతగా పెంచుకోవచ్చు. పాడేటప్పుడు కుదరదు. ఆలస్యం లోపలికి వచ్చేటప్పుడూ, బయటికి వెళ్లేటప్పుడూ పడుతుంది కాబట్టి, 512 దగ్గర గాయని గొంతు ఆమె హెడ్‌ఫోన్‌కు చేరేసరికి 20 మిల్లీసెకన్లు దాటుతుంది. అంతసేపట్లో గాలిలో ధ్వని దాదాపు 7 మీటర్లు ప్రయాణిస్తుంది. తన గొంతు తనకే అంత దూరం నుంచి వినిపిస్తుంటే తాళం మీద నిలబడి పాడటం ఎంత కష్టమో గాయకులకు చెప్పనక్కర్లేదు. గొంతును కంప్యూటర్‌దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపే డైరెక్ట్ మానిటరింగ్ వాళ్లను ఆదుకుంటుంది. సాఫ్ట్‌వేర్ వాద్యాలు వాయించేవాళ్లకు ఆ దారి కూడా లేదు.

ఈ ఆలస్యాన్ని తగ్గించడానికే స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో ఏసియో అనే పద్ధతిని తెచ్చింది. అది విండోస్ మామూలు శబ్ద మార్గాన్ని తప్పించి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్‌ఫేస్ డ్రైవర్‌తో నేరుగా కలుపుతుంది.

దారి దగ్గరైనా అడ్డంకులు పోలేదు. కంప్యూటర్ సగటు వేగం ఎంత గొప్పదైనా, ఒక్కసారి ఆలస్యమైతే చాలు. వైఫై డ్రైవర్ ప్రాసెసర్‌ను 2 మిల్లీసెకన్లు పట్టి ఉంచితే 64 శాంపిళ్ల గడువు తప్పినట్టే. అందుకే ఖరీదైన లాప్‌టాప్‌లోనూ చిటుకులు వస్తాయి. లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్‌ను కాసేపు నడిపితే ఏ డ్రైవర్ ఎంతసేపు పట్టి ఉంచిందో పేరుతో సహా చూపిస్తుంది. వైఫై ఆపి లేటెన్సీమాన్‌ను మళ్లీ నడిపి చూడండి. తేడా కనిపిస్తే జాడ దొరికినట్టే. కరెంటు సంగతీ చూసుకోవాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, 500 మిల్లీయాంపియర్లు. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టులను ఇంటర్‌ఫేస్ అందులోంచే తయారుచేయాలి. అడాప్టర్ లేని చవక హబ్‌కు తగిలిస్తే మధ్యలో డిస్కనెక్ట్ అవడంలో వింత లేదు.

అన్నిటికన్నా బాధ కలిగించేది మరొకటి. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2.0 ప్రమాణం 2006లోనే వచ్చింది. ఇలాంటి ప్రమాణాన్ని పాటించే ‘క్లాస్ కంప్లయంట్’ పరికరానికి కంపెనీ డ్రైవర్ అక్కర్లేదు. విండోస్ మాత్రం 2017 వరకు ఆ 2.0 ప్రమాణానికి సొంతంగా మద్దతివ్వలేదు. అన్నేళ్లూ ఏ కంపెనీ డ్రైవర్ దానిదే. కొత్త విండోస్ వచ్చాక కంపెనీ డ్రైవర్‌ను సరిదిద్దడం మానేస్తే, లోపల మైకు సంకేతాన్ని పెంచే ప్రీయాంప్‌లు నిక్షేపంలా ఉన్నా పరికరం మూలన పడుతుంది. యూఎస్‌బీకి బదులు ఫైర్‌వైర్ అనే పాత కనెక్షన్‌ను వాడే ఇంటర్‌ఫేస్‌ల గతీ అంతే. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టహో వాటికి మద్దతు పూర్తిగా తీసేసింది. పనిచేసే వస్తువును ఇలా చెత్తలోకి నెట్టడం కొన్నవాళ్లకు జరిగే అన్యాయమే.

కాబట్టి కొనేముందు షాపులో ఎన్ని ఇన్‌పుట్లున్నాయో అడగడంతో ఆగకండి. అది క్లాస్ కంప్లయంటా కాదా, చివరి డ్రైవర్ ఎప్పుడు విడుదలైందీ కనుక్కోండి. రికార్డింగ్ పని సగంలో ఉండగా మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌డేట్ చేయకండి.