గుండె దడకు మూలం మెడలో

ఒక ఇల్లాలు. నలభై ఏళ్ళుంటాయి. కడుపునిండా తింటుంది. అయినా చిక్కిపోతోంది. జాకెట్లు వదులైపోయాయి. కూర్చున్నా గుండె దడ. చలికాలంలో కూడా చెమటలు. చెంబు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది.

“ఎవరి దిష్టో తగిలిందే అమ్మాయ్” అంది అత్త. ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. దడ తగ్గలేదు.

ఆ దడకు మూలం మెడలో ఉంది.

మెడ ముందు వైపు సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుంది. దాని పేరు థైరాయిడ్. అది ఒక రసాన్ని రక్తంలోకి వదులుతుంది. ఆ రసం ఎక్కువైతే పొయ్యిలో మంట ఎగదోసినట్టే. తిన్న తిండి ఒంటికి పట్టదు. గుండె పరుగులు పెడుతుంది. కొందరికి మెడ వాస్తుంది. కొందరికి కళ్ళు ముందుకు పొడుచుకొస్తాయి. నెలసరి తప్పవచ్చు. కడుపేమో అనుకుని ఊరుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ.

కొందరికి గుండె పరుగుతో ఆగదు. భజనలో తాళం తప్పినట్టు కొట్టుకుంటుంది. ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి. అప్పుడు గుండె పై గదులు సరిగా ముడుచుకోవు. ఊరికే అదురుతాయి. కొంత రక్తం అక్కడే నిలిచిపోతుంది. తోడువేసిన పాలు కదపకుండా ఉంచితే పెరుగు పేరుకుంటుంది కదా! అలాగే నిలిచిన రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోయి రక్తనాళాన్ని మూసేస్తే పక్షవాతం వస్తుంది. పక్షవాతానికి బి.పి. లాంటి వేరే కారణాలూ ఉన్నాయి. ఇదీ ఒకటి.

మీకు అంకెలు వచ్చు. నాడి మీరే లెక్కపెట్టుకోవచ్చు. మణికట్టు మీద, బొటనవేలి వైపు, రెండు వేళ్ళు ఆనించండి. గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టండి. ఊరికే కూర్చున్నప్పుడు 60 నుంచి 100 దాకా ఉండాలి. 100 దాటినా, తాళం తప్పినా ఆసుపత్రికి వెళ్ళండి. రక్తపరీక్షలో థైరాయిడ్ సంగతి తెలుస్తుంది. ఇ.సి.జి.లో గుండె సంగతి తెలుస్తుంది.

ఆ ఇల్లాలు వెళ్ళింది. రెండూ బయటపడ్డాయి. థైరాయిడ్ తగ్గడానికి మాత్రలు ఇచ్చారు. రక్తం గడ్డకట్టకుండా వేరే మాత్రలు ఇచ్చారు. ఈ రెండోవి అందరికీ అక్కర్లేదు. డాక్టరు చెబితేనే వాడాలి. దడ తగ్గిందని ఏ మాత్రా సొంతంగా మానకూడదు. థైరాయిడ్ మాత్రలు వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ అదుపులోకి వస్తే చాలామందికి గుండె కూడా దారిన పడుతుంది.

మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు కోసం తిరగవద్దు. 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.